మబ్బులో మూడు నిమిషాలు

సంక్రాంతికి ఉద్దానం వెళ్లేసరికి మా పిన్ని ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. వీడియో కాల్‌లో అమెరికా నుంచి తమ్ముడు, ఇటు అరుగు మీద పిన్ని. పేపరోణ్ని కదా, తీర్పు చెప్పమని నన్ను మధ్యలో కూర్చోబెట్టారు.

"నువ్వయినా సెప్పరా బాబూ... ఆడికి మబ్బుల్లో ఏటి పని?"

సంగతేమిటంటే, మా తమ్ముడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. వారమంతా కంప్యూటర్, శనివారమొస్తే అద్దెకు తీసుకున్న నాలుగు సీట్ల బుల్లి విమానం. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు తోడు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అనే మరో అర్హత కూడా సంపాదించాడు. బయట ఏమీ కనిపించకపోయినా, పరికరాలు చూస్తూ విమానం నడపడానికి అది అనుమతి. దానికోసం అలాంటి సాధనే 40 గంటలు చేయాలి.

అంత కష్టపడి సంపాదించినదాన్ని నిలుపుకోవడం మరో ఎత్తు. అక్కడి నిబంధన ప్రకారం, గడచిన 6 నెలల్లో కనీసం 6 సార్లు పరికరాల సాయంతో రన్‌వే వైపు దిగే సాధన చేసి ఉండాలి. తప్పితే సరిదిద్దుకోవడానికి ఇంకో 6 నెలలు. అదీ దాటితే మళ్లీ పరీక్షే. మన దేశంలోనూ ఈ రేటింగ్‌ను ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి.

పాప పుట్టాక తమ్ముడికి తీరిక చిక్కలేదు. గడువు దాటింది. ఇప్పుడు పరీక్షకు వెళ్తానంటాడు. పిన్ని వద్దంటుంది.

"ఆ కాయితం ఉంటేనే కదా మబ్బులోకెళ్తాడు! నేకపోతే ఎండ కాసినప్పుడే ఎగురుతాడు."

నిజం చెప్పొద్దూ, నాకు పిన్ని మాటే సబబనిపించింది. 2009 సెప్టెంబరు 2 గుర్తొచ్చింది. అప్పుడు నేను జర్నలిజం డిప్లొమా విద్యార్థిని. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల మీద, ముసురు వాతావరణంలో కనిపించకుండా పోయింది. మర్నాటి వరకూ రాష్ట్రమంతా టీవీల ముందే ఉంది. ఆకాశం బాగాలేనప్పుడు ఎగరడమంటే నాకు ఇప్పటికీ ఆ రాత్రే.

"మానేస్తే పోలా?" అన్నాను.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "అన్నయ్యా, విజయనగరం స్టేషన్లో మన రైలు ఆగి ఉంటుంది. పక్క రైలు కదిలితే మనదే కదిలిందనుకుంటాం కదా?"

"అవును."

"ప్లాట్‌ఫాం వైపు చూస్తే నిజం తెలుస్తుంది. మబ్బులో ప్లాట్‌ఫాం ఉండదు."

చెవి లోపల ద్రవం ఉంటుంది. మనం ఎటు వాలామో మెదడుకు చెప్పేది అదే. కానీ విమానం మెల్లగా ఒరిగితే దానికి తెలియదు. రంగులరాట్నం దిగాక నేల తిరుగుతున్నట్టు, లేని కదలికను ఉన్నట్టు కూడా చెబుతుంది. పైలట్ తిన్నగా వెళ్తున్నాననే అనుకుంటాడు. విమానం మాత్రం గిరికీలు కొడుతూ కిందికి దిగిపోతుంటుంది.

1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఓ ప్రయోగం చేశారు. పరికరాలతో ఎగరడంలో శిక్షణ లేని 20 మందిని, బయట ఏమీ కనిపించని స్థితిలో విమానం నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. నిండా మూడు నిమిషాలు కూడా కాదు! 1999 జులైలో జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ సొంత విమానంతో సముద్రంలో కూలిపోయిందీ ఇలాగే. ఆయనకు ఈ రేటింగ్ లేదు. ఆ రాత్రి సముద్రం మీద మసక కమ్మి ఉంది.

"ఎండ చూసే బయల్దేరతాం. దారిలో మబ్బు పడితే? అప్పుడు ఒళ్లు చెప్పేది నమ్మకూడదు, ఎదురుగా ఉన్న పరికరాన్నే నమ్మాలి. ఈత లాంటిది కాదన్నయ్యా, సాధన లేకపోతే మరిచిపోతాం" అన్నాడు.

బ్రిటన్‌లో ప్రైవేటు పైలట్ల కోసం కనీసం 15 గంటల శిక్షణతో ఇలాంటి చిన్న అర్హత ఒకటుంది. ఐరోపా ఉమ్మడి నిబంధనలతో అది పోయే పరిస్థితి వస్తే, అక్కడి పైలట్లు పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. సాహసాలు చేయడానికి కాదు, మబ్బులో చిక్కుకుంటే బయటపడటానికి.

పిన్ని అంతా విన్నది. ఉన్నట్టుండి నవ్వింది. "నానక్కడికెళ్లినపుడు ఏటి సేసేవో సెప్పు అన్నియ్యకి."

తమ్ముడు సిగ్గుపడ్డాడు. చెప్పింది పిన్నే. కొడుకు విమానం ఎక్కడానికి పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లిందట. మబ్బు కిందికి దిగి ఉంది. తమ్ముడు ఆకాశం చూశాడు, ఫోనులో వాతావరణం చూశాడు. "ఈ రోజు వద్దమ్మా, నాకు సాధన తప్పింది" అని కారు వెనక్కి తిప్పేశాడు. ఊళ్లో అందరికీ ఫొటోలు పంపుతానని చెప్పుకొన్న పిన్ని రెండ్రోజులు అలిగింది.

ఆకాశం అలకేమిటో పిన్నికి తెలియనిది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, తెల్లారేసరికి ఆమె కొబ్బరితోట నేల మీద పడుకుంది. ఆ ముందు రోజు ఒడ్డున తండేళ్లు పడవల్ని పైకి లాక్కోవడం ఆమె కళ్లారా చూసింది.

"తుపానులో పడవ నడపడం వచ్చినోడే ఒడ్డున కూకుంటాడు. రానోడే ఎల్తాడు" అంది నెమ్మదిగా.

ఇక నేను చెప్పాల్సిన తీర్పేమీ మిగల్లేదు. పిన్ని ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"పరీచ్చ రాసేయ్. మబ్బుంటే మాత్రం ఎల్లకు."

గత వారం తమ్ముడు మెసేజ్ పెట్టాడు, పరీక్ష అయిపోయిందని. పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే.

"ఆరు నెలలకి మళ్లీ గుర్తుసెయ్యాలి కదూ? కేలెండర్లో రాసుకుంతాను, తేదీ సెప్పు."