టిక్కెట్టు లేని కచేరీ

ధనుర్మాసం వచ్చిందంటే చెన్నపట్నానికి చలిగాలి, జలుబు, సంగీతం మూడూ ఒక్కసారే వస్తాయి. మొదటి రెండూ ఉచితం. మూడోదానికి మాత్రం ఇప్పుడు బాగానే సొమ్ము కావాలి.

2024 డిసెంబరులో సకుటుంబంగా వెళ్ళాం. మా అమ్మాయి ఆరేళ్ళుగా సంగీతం నేర్చుకుంటోంది. పెద్ద విద్వాంసులను ఎదురుగా కూర్చుని వినాలని దాని కోరిక. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభలతోపాటు సంగీత సభ కూడా జరిగింది. దాని ఫలంగా 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. దాని సొంత హాలు 1962లో తెరిచారు. ఇవాళ మైలాపూరు, త్యాగరాయనగరం చుట్టుపక్కల ఎటు తిరిగినా ఏదో ఒక సభ, దాని పక్కన ఘుమఘుమలాడే క్యాంటీను.

పొద్దుట సోదాహరణ ప్రసంగాలు, మధ్యాహ్నం చిన్నవాళ్ళ కచేరీలు, సాయంత్రం పేరున్నవాళ్ళవి. మధ్యాహ్నం పాటకు చాలా సభల్లో టిక్కెట్టు ఉండదు. ఒకనాడు ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు తోడి రాగం అందుకున్నాడు. హాల్లో ముప్ఫైమందికి మించి లేరు. మా అమ్మాయి కళ్ళార్పకుండా వింది. ఆ తోడి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సాయంత్రం సంగతి వేరు. నాలుగు మంచి కుర్చీల ఖరీదు మా ఇంటి నెల వెచ్చాలంత. పైగా తలకు అయిదువందల రూపాయలు దాటితే జి.ఎస్.టి. కూడా కట్టాలి.

“ఏమండీ, రెండే తీసుకోండి. అమ్మాయీ నేనూ వెళతాం. మీరూ అబ్బాయీ బయట టిఫిను చెయ్యండి” అంది మా ఆవిడ.

అలాగే చేశాం. లోపల రాగం, బయట రవ్వదోసె. క్యాంటీనులో మా బల్ల దగ్గరే కూర్చున్న మైలాపూరు పెద్దాయన మా మాటలు విని పలకరించారు.

“తెలుగువారా? అదృష్టవంతులు. కీర్తనకు అర్థం మేము అడిగి తెలుసుకోవాలి. మీకు పుట్టుకతోనే వచ్చింది” అన్నారు.

టిక్కెట్ల మాట ఎత్తాను. ఆయన నవ్వారు.

“హాలు అద్దె, మైకు, పక్కవాద్యాలు, ప్రయాణం ఖర్చులు, అన్నీ పెరిగాయి గదా! పూర్వం క్యాసెట్టు కొనేవాళ్ళం. ఇప్పుడు పాట ఫోనులో ఊరికే వస్తుంది. ఇక విద్వాంసుడికి కచేరీయే భుక్తి. అతణ్ణి పస్తుంచి మనం రాగాలు వినగలమా?” అన్నారు. లేస్తూ, “టిక్కెట్టు లేని కచేరీ కావాలంటే పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు వెళ్ళండి” అని సలహా చెప్పారు.

జనవరిలో వెళ్ళాం. రైల్లో ఒక కాలేజీ కుర్రాడు కోల్డ్‌ప్లే అనే ఇంగ్లీషు బృందాన్ని గురించే మాట్లాడాడు. ఆ నెల 25, 26 తేదీల్లో అహమ్మదాబాదు స్టేడియంలో వాళ్ళ ప్రదర్శన. రెండున్నర వేల నుంచి మొదలైన టిక్కెట్లు చేతులు మారి లక్షలు పలికాయట. రోజుకు లక్షమందికి పైగా జనం! ఈ దాహం ఒక్క చెన్నపట్నానిదే కాదన్నమాట.

తంజావూరు నుంచి తిరువయ్యారు దగ్గరే. కావేరి ఒడ్డున, 1847లో త్యాగరాజస్వామి సిద్ధిపొందిన చోట పందిరి వేశారు. వందలాది గాయకులు వరుసలు తీరి నేలమీద కూర్చున్నారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో పంచరత్నాలు సాగాయి. మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. తమిళ కంఠాలు అన్నీ కలిసి తెలుగు పలుకుతుంటే మా అబ్బాయి, “నాన్నా, ఇదంతా మన భాషేనా!” అన్నాడు. మా అమ్మాయి అప్పటికే మూడో వరుసలో చోటు సంపాదించి పాడేస్తోంది. ఎవరూ దాన్ని టిక్కెట్టు అడగలేదు.

అయితే ఈ చోటు ఊరికే రాలేదు. సమాధి పాడుబడి ఉంటే, బెంగుళూరు నాగరత్నమ్మగారు కచేరీల మీద గడించిన సొమ్మూ నగలూ వెచ్చించి స్థలం కొని మందిరం కట్టించారు. 1926లో ప్రతిష్ఠ జరిగింది. ఆడవాళ్ళు ఆరాధనలో పాడరాదన్న రోజుల్లో ఆమె స్త్రీలచేత వేరుగా పాడించారు. 1952లో కన్నుమూశారు. స్వామి సమాధికి ఎదురుగానే ఆమె సమాధి.

ఆలోచిస్తే, ఒకనాడు రసికులు ఆమె పాటకిచ్చిన డబ్బే ఇవాళ మా అమ్మాయికి చాప పరిచింది. మన శ్రీరామనవమి పందిళ్ళలోనూ అంతే: వీధివాళ్ళంతా చందాలు వేసుకుంటే దారిన పోయేవాడు కూడా విన్నాడు. టిక్కెట్టు ధర తగ్గడం మన చేతిలో లేదు. కాని ఊళ్ళోని సభకు ఏడాది చందా కట్టడం, మధ్యాహ్నం పాడే కుర్రవాడి ముందు కుర్చీ ఖాళీ లేకుండా చూడడం మన చేతిలోవే. సభలవారు కూడా వెనుక రెండు వరుసలు సంగీతం నేర్చుకునే పిల్లలకు వదిలితే, రేపు ముందు వరుసలు కొనేది ఆ పిల్లలే.

మేము మాత్రం ఇంటికి రాగానే మా ఊరి సభకు చందా కట్టేశాం. రెండు రవ్వదోసెల ఖరీదు కూడా కాలేదు.