డుకాటీ కొంటానన్న మా అన్న కొడుక్కి నా లాంబ్రెట్టా లెక్క



ఈసారి పంట గురించి కాదు, బండి గురించి రాస్తున్నా. కొంచెం పొడుగు ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం మా అన్న కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేసినాడు. "చిన్నాయనా, సెకండ్ హ్యాండ్‌లో డుకాటీ ఒకటి దొరికింది. ఇటలీ బండి. కొత్తది కొనే దుడ్డుతో ఇట్లాంటివి రెండు వస్తాయి. రెండు లక్షలు తక్కువైతాంది, సర్దుతావా?" అన్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు. "రెండు రోజులు ఆగు, రాసి పెడతా, చదువుకో" అన్నా. మన ఊర్లలో పిల్లోళ్ళు చానామంది బెంగళూరులోనే ఉన్నారు కదా, మీ ఇండ్లలో కూడా ఇట్లాంటి ఫోన్లు వస్తాయి. అందుకే అందరికీ రాస్తున్నా.

డుకాటీ నేను నడపలేదు. కానీ పాత ఇటలీ బండి కొన్న మనిషిని నేను. నా లాంబ్రెట్టా స్కూటర్ కొత్తచెరువు, పుట్టపర్తి పక్క మీరు చూసే ఉంటారు. బాగా తుడిచి నిలబెడితే పుట్టపర్తికొచ్చిన విదేశీ భక్తులు కూడా ఆగి ఫోటో తీసుకుంటారు. ఫోటోలో బాగుంటుంది. దాని వెనక ఏం జరిగిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ముందు ఈ బండి కథ రెండు ముక్కల్లో. ఇటలీలో మిలాన్ పట్నం పక్కన లాంబ్రాటే అనే చోట ఇనొచెంటి అనే ఆయనకి ఇనుప పైపుల ఫ్యాక్టరీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి అది పాడైపోయింది. యుద్ధం అయినాక జనానికి అగ్గువ బండి కావాలని 1947లో స్కూటర్ మొదలుపెట్టినారు. ఊరి పేరు మీదే లాంబ్రెట్టా. మన దేశంలో బొంబాయిలో ఏపీఐ అనే కంపెనీ వాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకుని తయారుచేసింది. తర్వాత ఇటలీలో ఆ స్కూటర్ల తయారీ ఆగిపోతే, ఆ మిషన్లు మన ప్రభుత్వమే కొని 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా కంపెనీ పెట్టింది. మన వయసు వాళ్ళకి గుర్తున్న విజయ్ సూపర్ అక్కడిదే. హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ కూడా ఈ వంశమే. 1997లో లక్నోలో కూడా స్కూటర్లు ఆపేసినారు.

నేను కొన్నది బొంబాయి ఏపీఐ వాళ్ళది, 150 సీసీ బండి. మా ఊరి అయివారిది. నా చిన్నప్పుడు మా ఊర్లో అదొక్కటే స్కూటర్. పొద్దున్నే అయివారు కిక్కు కొడతా ఉంటే పిల్లోళ్ళంతా చుట్టూ చేరేవాళ్ళం. స్టార్ట్ కాకపోతే తోసేది మేమే. తోసినోనికి చెరువు కట్ట దాకా వెనక కూర్చునే అవకాశం దొరికేది. ఆ పెట్రోలు పొగ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

అయివారు పోయినాక ఆ బండి వాళ్ళ కొట్టంలో కోళ్ళకి గూడు అయింది. 2018లో వాళ్ళ కొడుకు ఇల్లు అమ్ముకుంటా ఉంటే, నేను 24 వేలకి బేరం చేసుకున్నా. ఆ దుడ్డు మా ఇంట్లో ఆమె రెండు బ్యాచ్‌ల పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్లో అమ్మి దాచింది. అడిగి తీసుకున్నా. "ఇంకొక నాలుగైదు వేలు పెడితే తిరుగుతుంది" అని చెప్పినా. ఆ మాట చెప్పేటప్పుడు నాకు నిజంగా ఏమీ తెలీదు. తెలిసినాక చెప్పలేదు. అదీ నా తప్పు.

హిందూపురంలో పాత స్కూటర్లు తెలిసిన పెద్దాయన, మేమంతా భాయ్ అంటాం, బండిని చూసి ఒకటే మాట అన్నాడు: "అన్నా, ఇది కొనడం సులభం. మేపడం కష్టం."

రాసుకున్న లెక్క ఇది. టైర్లు, ట్యూబులు, స్టెప్నీతో కలిపి 4,200. కేబుళ్ళు, రబ్బర్లు 1,800. కార్బరేటర్, పెట్రోలు పైపు 2,100. పాయింట్లు, కండెన్సర్, కాయిల్ 1,900. ఇంజిన్ బేరింగులు, ఆయిల్ సీళ్ళు, కూలీ 8,500. సీటు 1,500. డెంటింగ్, పెయింటింగ్ 11,000. అక్కడికి 31 వేలు.

కాగితాలు ఇంకో కథ. ఆర్సీ అయివారి పేరు మీదే ఉంది. మనిషి లేడు. చచ్చిపోయిన మనిషి బండిని నేరుగా మనం రాయించుకోలేం. ముందు వారసుని పేరు మీదికి ఫారం 31తో మార్చాలి, దానికి డెత్ సర్టిఫికెట్ కావాలి. తర్వాత వారసుని దగ్గర నుంచి మన పేరు మీదికి ఫారం 29, 30. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే. ఆ తర్వాత బండి చూపించి ఐదేండ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. గ్రీన్ టాక్సు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి నాకు 6 వేలు, ఎనిమిది నెలల తిరుగుడు అయింది.

మొత్తం 24 వేల బండి 61 వేలు అయింది. ఆ మిగతా దుడ్డు ఎక్కడిదంటారా? మల్బరీ తోటలో డ్రిప్పు లేటరల్ పైపులు మార్చాలని పెట్టుకున్న శెనక్కాయ దుడ్డు. పైపులు సగం ఉప్పు పట్టి మూసుకుపోయినాయి. "ఈ ఎండాకాలం గడవనీ" అని నెట్టుకొచ్చినా. ఆ ఎండాకాలం చివరి సాళ్ళకి నీళ్ళందక ఆకు ఎండింది, ఒక బ్యాచ్ పురుగులకి ఆకు చాల్లేదు. మా ఆమె పక్క చేన్లో ఆకు కొని మేపింది. "బోర్లో నీళ్ళు తగ్గినాయి" అని చెప్పినా. ఆమె నమ్మింది.

2019లో ఒకరోజు పెనుకొండ బాబయ్య దర్గాకి మొక్కు ఉందని ఇద్దరం స్కూటర్ మీద బయల్దేరినాం. కొత్తచెరువులో మూడు లీటర్లు పెట్రోలు పోయించినా. ఆయిల్ సీసా ఇంట్లో మర్చిపోయినా.

ఇక్కడ తెలీనోళ్ళకి చెప్తా. ఇది టూ స్ట్రోక్ ఇంజిన్. ఇప్పటి బండ్లలో ఇంజిన్ ఆయిల్ కింద వేరుగా ఉంటుంది. దీనికి అట్లా లేదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే లోపల పిస్టన్‌ని, క్రాంకుని తడుపుతుంది. ఆయిల్ లేని పెట్రోలు పోస్తే, నీళ్ళు లేకుండా మోటారు ఆడించినట్టే. ముందు బంకుల్లో ఆయిల్ కలిపి పోసే పంపు ఉండేది. ఇప్పుడు వెతికినా కనపడదు, మన సీసా మనమే మోయాలి.

నాకు ఈ సంగతి తెలుసు. తెలిసీ "ట్యాంకులో పాతది కొంచెం ఉంది కదా, సరిపోతుంది" అనుకున్నా. పెనుకొండకి ఐదారు కిలోమీటర్లు ఉందనగా ఎత్తు ఎక్కుతా ఉంటే శబ్దం మారింది. గొంతు పట్టుకున్నట్టు అయింది. వేగం తగ్గింది. అప్పుడే క్లచ్ పట్టుకుని పక్కకి తీసింటే ఏమీ కాకపోను. నేను ఇంకొంచెం రేస్ ఇచ్చినా. పిస్టన్ సిలిండర్లో బిగుసుకుపోయింది, వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోయింది. బండి అడ్డం తిరిగి ఇద్దరం పడినాం. వెనక లారీ లేదు కాబట్టి ఈ పోస్టు రాస్తున్నా. నాకు మోకాలు చెక్కుకుపోయింది. ఆమెకి ఎడమ మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో ఆధార్ కార్డు అడిగినారు. కార్డులు నా బ్యాగులో ఉన్నాయి. నేను బిల్లు కట్టేదానికి పోయి వచ్చేలోపల ఆమె ఒక చేత్తో బ్యాగు తెరిచింది. నా లెక్కల పుస్తకం చేతికొచ్చింది. ఆమె ఏడో తరగతి చదివింది, లెక్కల్లో నాకంటే గట్టి. నేను వచ్చేసరికి కూడిక కూడా అయిపోయింది.

"చెయ్యి అతుక్కుంటుంది. లేటరల్ పైపుల దుడ్డు ఇందులో పెట్టి, బోర్లో నీళ్ళు లేవని నాతో ఎట్లా చెప్పినావయ్యా?" అంది. అరవలేదు. అరిచింటే బాగుండు.

"అమ్మేస్తా" అన్నా. "అమ్మితే నీ అబద్ధం కూడా అమ్ముడుపోతుందా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. నెలన్నర పాటు ఆ చెయ్యి కట్టుతోనే ఉంది. పురుగులకి ఆకు కోసింది, మేపింది, చంద్రికలకి ఎక్కించింది అంతా నేనే. ఆమె ఎంత పని చేస్తుందో ముప్పై ఏండ్ల సంసారంలో నాకు అప్పుడు తెలిసింది.

బండిని మూడు నెలలు ముట్టుకోలేదు. తర్వాత ఆమే "పడేసినదానికి వడ్డీ కూడా రాదు, బాగు చేయించు, పుస్తకం నా దగ్గర ఉంటుంది" అంది. సిలిండర్ బోరింగ్ చేయించి, సైజు పెద్ద పిస్టన్ వేయించి, కూలీతో 6,500 అయింది. అంతకంటే ముందు డ్రిప్పు పైపులు మార్చినాం. ఆ వరస ఆమెది.

అప్పటి నుంచి నేను పాటించేవి చెప్తా, పాత టూ స్ట్రోక్ ఉన్నోళ్ళకి పనికొస్తాయి.

ఒకటి, ఆయిల్. నా బండికి 4 శాతం. ఐదు లీటర్లకి 200 ఎం.ఎల్. కొలత డబ్బా సీటు కిందే ఉంటుంది. ఆయిల్ లేకపోతే పెట్రోలు పోయించను, తోసుకుంటా ఇంటికొస్తా.

రెండు, గాలి. ఈ ఇంజిన్‌ని చల్లబరిచేది ఫ్యాను గాలి. ఆ రేకుల లోపల ఎలకలు గూడు పెట్టినా, గడ్డి చేరినా ఇంజిన్ వేడెక్కి బిగుసుకుంటుంది. ఏడాదికొకసారి రేకులు విప్పి తుడుస్తా.

మూడు, సీళ్ళు. పొగ ఉన్నట్టుండి తెల్లగా ఎక్కువైతే, గేరుబాక్సులో ఆయిల్ తగ్గుతా ఉంటే, లోపలి సీలు పోయిందని అర్థం. ఆ ఆయిల్‌ని ఇంజిన్ తాగుతా ఉంది. వెంటనే విప్పాలి.

నాలుగు, చల్లగా ఉన్నప్పుడు మొదటి కిక్కుకే స్టార్టయి, వేడెక్కినాక ఆగిపోయి, ఆరినాక మళ్ళీ స్టార్ట్ అయితే కార్బరేటర్ని తిట్టద్దు. చానాసార్లు కండెన్సర్ పోయి ఉంటుంది. తక్కువ ఖర్చు వస్తువు. నేను ఎప్పుడూ ఒకటి జేబులో పెట్టుకుంటా.

ఐదు, ఇప్పటి పెట్రోలు. ఇందులో 20 శాతం ఇథనాల్ కలిసి వస్తా ఉంది. మనం పండించే మొక్కజొన్న కూడా అందులోకి పోతా ఉంది, రైతుగా నాకు సంతోషమే. కానీ ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నెలలు నిలబెడితే ట్యాంకు తుప్పు పడుతుంది, పాత రబ్బరు పైపు మెత్తబడుతుంది. అందుకే తక్కువ పోయించి తిప్పుతా. నిలబెట్టే ముందు ట్యాపు మూసి, కార్బరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ ఆడిస్తా.

ఇప్పుడు మా అన్న కొడుకా, నీకు చెప్తున్నా.

డుకాటీ మంచి బండే కావచ్చు. దాని ఇంజిన్‌లో వాల్వులు తెరిచేదానికే కాదు, మూసేదానికి కూడా వేరే మీట ఉంటుంది. ఆ గ్యాపులు సరిచూసేది మన హిందూపురంలో చేసే పని కాదు. పాత మోడళ్ళలో చానావాటికి టైమింగ్ బెల్టులు ఉంటాయి. అవి బండి తిరగకపోయినా కాలం ప్రకారం మార్చాల్సిందే. బెల్టు తెగితే ఇంజిన్ లోపలంతా పోతుంది. "తక్కువ తిరిగింది" అని అమ్మేటోడు చెప్తే సంతోషపడద్దు, బెల్టు ఎప్పుడు మార్చినారో బిల్లు అడుగు. బండి చల్లగా ఉన్నప్పుడు పోయి నీ ఎదురుగా స్టార్ట్ చేయించు. ఆర్సీలో పేరు, అమ్మే మనిషి పేరు ఒకటేనా చూడు. ఛాసిస్ నంబరు వేలు పెట్టి సరిచూడు. లోను తీరిందా చూడు. కర్ణాటక బండి ఇక్కడికి తేవాలంటే ఫారం 28 ఎన్ఓసీ కావాలి, మళ్ళీ టాక్సు కట్టాలి. కొనే ముందే ఒక సర్వీసుకి ఎంత, రెండు టైర్లకి ఎంత, ఇన్సూరెన్సుకి ఎంత అని మూడు ఫోన్లు చేసి కాగితం మీద రాయి.

ఆ కాగితం నాకు వద్దు. మీ ఆవిడకి చూపించు. ఆమె చూసి సరే అంటే, ఆ రెండు లక్షల్లో నేను సర్దగలిగింది సర్దుతా. మీ చిన్నమ్మతో ఇప్పటికే మాట్లాడినా. పుస్తకం ఆమె దగ్గరే ఉంది కదా, ఆమె చెప్పకుండా ఈ ఇంట్లో ఇప్పుడు పైసా కదలదు. ఆమెకి చూపించకుండా అయితే నా దగ్గరకి రావద్దు.

బండి మంచిదా కాదా అన్నది తర్వాత. ఇంటిదానితో చెప్పలేని ఖర్చు పెట్టి కొన్న బండి ఎంత మంచిదైనా మనల్ని పడేస్తుంది. నన్ను పెనుకొండ దారిలో పడేసింది.

వానొచ్చేటట్టు మబ్బు పట్టింది. ఆకు కోసేది ఉంది. ఉంటా.