దర్ద్ అవుతదా భాయ్?

పోయిన నెల ఒకరోజు ఇషా నమాజ్ అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే మా మొహల్లా తమ్ముడొకడు పక్కకు పిలిచాడు. పేరు రాయను. నాకంటే పదేళ్లు చిన్న. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"భాయ్, మీరు అఖ్బార్‌ల రాస్తరు కదా, మీకు ఎరుకుంటది. మగోళ్ల కమ్‌జోరీకి కొత్త మిషన్ వచ్చిందట. షాక్‌వేవ్ అంటరట. మా దోస్త్ ఒకడు పోతా అంటుండు. దర్ద్ అవుతదా భాయ్?"

"నాకేం ఎరుక?" అన్నాను.

మసీదు గడప ముందు నిలబడి అబద్ధం చెప్పాను. నాకు ఎరుకే. ఆ బల్ల మీద రెండుసార్లు పడుకున్నాను. ఆ దోస్త్ ఎవరో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ మజ్మూన్ ఆ తమ్ముడికి జవాబు.

నాకు 46 ఏళ్లు. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. తకలీఫ్ మొదలై రెండేళ్లు దాటింది. మొదట అలసట అనుకున్నాను. తర్వాత పని టెన్షన్ అనుకున్నాను. ఆ తర్వాత ఏమీ అనుకోకుండా రాత్రుళ్లు ఆలస్యంగా ఇంటికి రావడం మొదలుపెట్టాను.

డాక్టర్‌కు చెబుదామంటే మాట దొరకలేదు. స్కూలు ఉర్దూ మీడియంలో చదివాను, డిగ్రీ తెలుగులో చేశాను. రెండు జబానుల్లోనూ వెతికాను. ఉర్దూలో 'మర్దానా కమ్‌జోరీ' అంటారు. జబ్బు పేరులోనే మగతనం తక్కువని ఫైసలా అయిపోయింది. తెలుగులో 'నపుంసకత్వం'. అది తిట్టు. 'అంగస్తంభన లోపం' అనే మాట పుస్తకంలో ఉంటుంది, నోటికి రాదు. నేనుండేది బాసర. వసంత పంచమికి ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు పిల్లల్ని ఎత్తుకొచ్చి మొదటి అక్షరం దిద్దించుకునే ఊరు. ఏటేటా ఆ వార్త రాస్తాను. నా తకలీఫ్ గురించి మాత్రం ఒక్క మాట నోట్లోంచి రాలేదు.

నోరు తెరవలేనివాణ్ని ఇష్తెహార్లు వెతుక్కుంటూ వస్తాయి. చిన్నప్పుడు రైలు పట్టాల పక్క గోడల మీద చూసిన 'గుప్త రోగాలు' ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చాయి. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. అయినా నేను పనిచేసిన అఖ్బారుల్లో నా వార్త పక్కనే అవి అచ్చయ్యాయి. చూసీ నోరెత్తలేదు. చివరికి నేనే ఆ ఫోన్ నంబర్ నొక్కాను.

హైదరాబాద్‌లో ఒక క్లినిక్. ఆరు సిట్టింగులు, 48 వేలు. బిడ్డ కాలేజీ ఫీజు కోసం దాచిన పైసలు. "నొప్పి అస్సలు ఉండదు సార్" అన్నారు. ఇంట్లో ఆఫీసు మీటింగ్ అని చెప్పి బండెక్కాను.

మొదటిసారి పడుకోబెట్టి, చల్లటి జెల్ రాసి, మిషన్‌కు తగిలించిన పిడి లాంటిది ఆనించారు. టక్ టక్ టక్ అని ఆగకుండా చప్పుడు. చీమలు కుట్టినట్టు, రబ్బరు బ్యాండు సాగదీసి వదిలినట్టు ఉంది. ఓర్చుకోవచ్చు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. వారం తర్వాత రెండోసారి పోతే లెవెల్ పెంచారు. పిడి మొదలు దగ్గరికి, ఎముక పక్కకు వచ్చేసరికి సూదులు దిగినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మిషన్ పట్టుకున్న పిల్లవాడికి పాతికేళ్లుంటాయి. "ఓకేనా సార్?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "ఓకే" అన్నాను. కమ్‌జోరీకి ఇలాజ్ కోసం పోయి, ఆ పిల్లవాడి ముందు కమ్‌జోర్ అనిపించుకోవద్దని పళ్లు బిగబట్టాను.

తెల్లారి స్నానం చేస్తుంటే చూశాను. నీలంగా కమిలిపోయింది. భయంతో కాళ్లు వణికాయి. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రాత్రి నా బీవీ దీపం ఆర్పకుండా కూర్చుంది.

"క్యా హువా జీ? నాకు గూడ చెప్పరా?"

చెప్పాను. తలకాయ దించుకుని మొత్తం చెప్పాను. ఆమె కోపం చేస్తుందనుకున్నాను. ఏడ్చింది.

"నేనేమనుకున్ననో తెల్సా? మీ దిల్ నా మీదికెళ్లి పోయిందనుకున్న. రెండేండ్ల సంది అద్దంల చూసుకుంట, నాల ఏం తక్కువైందని అడుక్కుంటున్న."

ఆ మిషన్ పెట్టిన నొప్పి ఇరవై నిమిషాలే. నేను నోరు మూసుకుని ఆమెకు పెట్టిన నొప్పి రెండేళ్లు.

వారం తిరగకముందే ఆమే నన్ను నిజామాబాద్ తీసుకుపోయింది. యూరాలజిస్ట్ రిపోర్టులు చూడకముందే అడిగిన మాట: "నొప్పి అయినప్పుడు ఎందుకు చెప్పలేదు?" ఈ ఇలాజ్‌లో కొద్దిగా చురుక్కుమనడం మామూలే, మత్తు కూడా ఇవ్వరు. ఎక్కువైతే చెప్పాలి, లెవెల్ తగ్గిస్తారు, లేదంటే ఆపుతారు. ఓర్చుకున్నంత మాత్రాన ఫాయిదా పెరగదు. కమలడం కొందరికి జరుగుతుంది, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. "రక్తం పలచబడే గోలీలేమైనా వేసుకుంటున్నారా?" అని అడిగారు. ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నాను. క్లినిక్‌లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత కూర్చోబెట్టి సమ్‌జాయించారు. షాక్‌వేవ్ అసలు కిడ్నీ రాళ్లు పగలగొట్టడానికి వచ్చింది. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటి రోగికి వాడారు. అదే తరంగాన్ని చాలా తక్కువ శక్తితో ఇక్కడ వాడితే రక్తప్రసరణ మెరుగవుతుందేమోనని హైఫా డాక్టర్లు 20 మంది మగవాళ్ల మీద చూసి, 2010లో ఫలితాలు అచ్చు వేశారు. తర్వాత కొన్ని పరిశోధనల్లో కొందరికి ఫాయిదా కనిపించింది. అయినా 2018లో అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ దీన్ని ఇంకా పరిశోధన దశలో ఉన్న ఇలాజ్‌గానే చూడాలంది. పైగా కొన్నిచోట్ల షాక్‌వేవ్ పేరుతో పెట్టేది రేడియల్ మిషన్. దాని దెబ్బ చర్మం దగ్గరే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. నాకు పెట్టింది ఏదో నేను అడగనే లేదు.

ఆ రోజు నా హెచ్‌బీఏ1సీ 9.6. "మిషన్ సంగతి తర్వాత, ముందు దీన్ని చూడండి" అన్నారు. అక్కడి రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నం. షుగర్, బీపీ, సిగరెట్ నాళాలను పాడు చేస్తుంటే చాలామందిలో తకలీఫ్ ముందు అక్కడే కనిపిస్తుంది, గుండె వంతు తర్వాత వస్తుంది. అందుకే గుండె పరీక్షలు కూడా రాశారు. అవి చూశాకే గోలీ ఇచ్చారు. ఛాతీ నొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు ఆ గోలీ ముట్టుకోకూడదు, బీపీ ఒక్కసారి పడిపోయి జాన్‌కే ఖత్రా. మెడికల్ షాపులో గుసగుసగా అడిగి కొనుక్కునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మిగిలిన నాలుగు సిట్టింగులకు పోలేదు. పైసలు తిరిగి రాలేదు. ఫజర్ తర్వాత గోదావరి ఘాట్ దాకా నడుస్తున్నాను. ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.4కి దిగింది. తకలీఫ్ పూర్తిగా పోయిందని చెప్పను, చాలా తగ్గింది. ఇంట్లో మాటలు తిరిగి మొదలయ్యాయి.

మనం షరమ్‌ను హయా అనుకుంటాం. దీన్ నేర్చుకోవడానికి హయా అడ్డం రానీయలేదని అన్సార్ ఔరతులను బీబీ ఆయిషా (రజి) మెచ్చుకున్నారని బచ్‌పన్ నుంచి వింటున్నాం. ఘుస్ల్ గురించి, హైజ్ గురించి వాళ్లు నేరుగా అడిగారు. వాళ్ల హయా ఏమీ తగ్గలేదు. మన మగవాళ్లం మాత్రం డాక్టర్ ముందు కూడా 'దోస్త్‌కు' అంటాం.

తమ్ముడూ, దర్ద్ అవుతది. కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. ముందు షుగర్, బీపీ చూపించు. అది ఏ మిషనో, ఎవరు పెడతారో, ఫాయిదా కాకుంటే పైసల సంగతేందో అడుగు. వేసుకునే గోలీలన్నీ చెప్పు. ఇంట్లో మరదలికి మాత్రం అన్నిటికంటే ముందు చెప్పు. బల్ల మీద నొప్పయితే 'ఓకే' అనకు.

ఆ రోజు అబద్ధం చెప్పినందుకు మాఫ్ చెయ్. నీ దోస్త్‌ను రమ్మను. నిజామాబాద్ బండికి నేను తోడు వస్తా.