ఎటూ అక్కర్లేదుగా

తెలుగులో ‘ఆపరేషన్’ అన్న మాటకి ముందు ఏ విశేషణమూ లేకపోతే అది ఆడవాళ్ళదే. “నీకు ఆపరేషన్ అయిందా?” అని బస్సులో ఒక స్త్రీ పక్క సీటులో స్త్రీని అడిగితే గుండెకా, కంటికా అని ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. గుండెకైతే గుండె ఆపరేషన్ అంటాం, కంటికైతే కంటి ఆపరేషన్ అంటాం. ఏ విశేషణమూ అక్కర్లేనంత మామూలైపోయింది మాత్రం పిల్లలు పుట్టకుండా చేసేదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది, తెలంగాణలో 60 శాతానికి పైగా ఈ ఆపరేషన్ అయినవాళ్ళే. దేశం మొత్తం మీద మగవాళ్ళ ఆపరేషన్ వాటా ఒక శాతం కూడా లేదు.

ఈ లెక్కలు మనకి కొత్త కాదు. ఏళ్ళ తరబడి డిగ్రీ క్లాసులో చెప్తున్నవే. అయితే ఈ మధ్య ఎనిమిది నెలల పాటు నేను ఇదే మాట చుట్టూ వేరే కారణంతో తిరిగాను. మా ఇంట్లో కుందేలుంది. దాని పేరు దూది. దానికి ‘ఆపరేషన్’ చేయించాలా, చేయిస్తే ఎప్పుడు, ఎక్కడ అన్నది నేను తేల్చాల్సి వచ్చింది.

కుందేలు కోసం వ్యాసమా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఒక స్నేహితురాలైతే నవ్వలేదు, కోప్పడింది. “క్యాంపుల్లో నేల మీద పడుకోబెట్టిన పేద ఆడవాళ్ళ శరీరాలనీ, నీ పెంపుడు జంతువునీ ఒకే వాక్యంలో ఎట్లా పెడతావు?” అంది. నేను పెట్టడం లేదు. కానీ ఆ రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టింది ఒక డాక్టరు, నా ఎదురుగానే. అదే చెప్పబోతున్నాను.

దూది మా ఇంటికి మూడు నెలల పిల్లగా వచ్చింది. మా అమ్మాయి స్నేహితురాలి కుటుంబం బదిలీ మీద వెళ్తూ ఇచ్చిపోయారు. అమ్మినవాడు మగది అని చెప్పాడట. ఐదో నెలలో ఒకరోజు పొద్దున్నే చూస్తే మెడ కింద బొచ్చంతా నోటితో పీక్కుని, ఎండుగడ్డి పరకలు మూతి నిండా కరుచుకుని, మంచం కింద మూలకి మోస్తోంది. మధ్యాహ్నానికి అక్కడ తెల్లటి గూడు తయారైంది. వెచ్చగా, మెత్తగా, లోపల ఏమీ లేకుండా. మగ కుందేలన్నది మా ఇంటి ఛాయలకే రాలేదు. దీన్ని పశువైద్యులు అబద్ధపు చూలు అంటారు. కుందేలుకి నెలనెలా అండం విడుదల కాదు, జత కట్టిన ప్రేరణతో పది గంటలకి అవుతుంది. ఒక్కోసారి జత లేకుండానే శరీరం ఆ ప్రేరణ అందిందనుకుంటుంది. రెండు వారాల పైచిలుకు అట్లాగే అనుకుంటుంది.

ఎదురింటి ఆవిడ చూసి, “పాపం, తల్లి కావాలని ఉందమ్మా దానికి. ఒక్కసారి పిల్లల్ని పెట్టనివ్వండి, అన్నీ సర్దుకుంటాయి” అంది. ఈ వాక్యం మీరూ విన్నారు కదా? నెలసరి నొప్పికి, మైగ్రేన్‌కి, మొటిమలకి, దిగులుకి అందరికీ రాసిచ్చే చీటీ అది. పెళ్ళయితే తగ్గుతుంది, ఒక కాన్పయితే పోతుంది. ఆ రాత్రి పశువైద్య పుస్తకాల్లో చదివాను. వయసు పెరిగేకొద్దీ ఆడ కుందేళ్ళకి గర్భసంచి క్యాన్సర్ బాగా ఎక్కువ. లెక్కలు జాతిని బట్టి మారతాయి. కొన్ని జాతుల్లో నాలుగేళ్ళు దాటినవాటిలో సగానికి పైగా అని రాస్తారు. పిల్లల్ని పెట్టినా పెట్టకపోయినా తేడా లేదట, వయసే లెక్కట. ఎదురింటావిడకి ఆ పేజీ చూపించాలనిపించింది. చూపించలేదు. ఆవిడకి ముగ్గురు పిల్లలు, రెండు మైగ్రేన్ మాత్రలు.

ఊళ్ళో కుక్కలూ పిల్లులూ చూసే క్లినిక్‌కి తీసికెళ్ళాను. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. దూదిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఎటూ పిల్లలు అక్కర్లేదుగా మేడమ్, ఉంచితే రేపు క్యాన్సర్ వస్తుంది. తీసేయిద్దాం” అన్నాడు.

నా చేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే ఈ వాక్యం నేనింతకు ముందు అక్షరం పొల్లుపోకుండా విన్నాను. 2003లో, జనగామ దగ్గర పల్లె నుంచి తెల్లబట్ట అవుతోందని వచ్చిన మా అక్కతో ఒక నర్సింగ్ హోం డాక్టరు అన్న మాట అది. అక్కకప్పటికి ముప్పై నాలుగేళ్ళు. ఇద్దరు పిల్లలు, ఇరవై రెండేళ్ళకే ‘ఆపరేషన్’. మందులిస్తే తగ్గే ఇన్‌ఫెక్షన్ కావచ్చని ఎవరూ అనలేదు. ఎటూ పిల్లలు అక్కర్లేదుగా, ఉంచితే క్యాన్సర్. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారని చాలా ఏళ్ళ తర్వాత స్కానింగ్‌లో తెలిసింది. అప్పటి నుంచి ఒంట్లో ఆవిర్లు, మోకాళ్ళు, నిద్ర పట్టని రాత్రులు. ఆ సీజన్ పత్తి ఏరిన డబ్బు, దాని మీద అప్పూ అంతా ఆ బిల్లుకే పోయింది.

మా అక్క ఒక్కతే కాదు. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం. అవసరం లేని ఈ కోతలని అరికట్టే మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చెయ్యమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది 2023 ఏప్రిల్‌లో. అక్కకి అప్పటికి ఇరవయ్యేళ్ళు ఆలస్యం.

ఇక్కడే నాకు చిక్కు వచ్చిపడింది. అక్క విషయంలో అబద్ధమైన వాక్యం దూది విషయంలో నిజం. మనుషుల్లో తెల్లబట్టకీ, క్యాన్సర్ భయంతో గర్భసంచి కోసెయ్యడానికీ సంబంధం లేదు. కుందేళ్ళలో మాత్రం ఆ భయానికి ఆధారం ఉంది. మాట ఒకటే, గొంతూ దాదాపు ఒకటే. ‘ఎటూ అక్కర్లేదుగా’ అన్న ఆ తేలికదనం కూడా ఒకటే. ఇన్నాళ్ళూ ఆ మాటని అనుమానించడం నేర్చుకున్న చెవితో దాన్ని నమ్మడం ఎట్లా?

తెలుగు వ్యాకరణం కూడా ఇక్కడ సాయం చెయ్యదు. ఆమె వచ్చింది, కుందేలు వచ్చింది. క్రియ ఒకటే. ‘వచ్చాడు’ మగవాడికి. ఏకవచనంలో మనల్ని జంతువులతో కలిపి, బహువచనంలోకి వచ్చాకే ‘వచ్చారు’ అని మనుషుల్లో చేర్చుకుంటుంది. పదిమంది కలిస్తే తప్ప మనిషి హోదా రాదని ఎవరు పెట్టారో గానీ, సరిగ్గానే కనిపెట్టారు.

కలిసినప్పుడు ఏమయిందో మన చరిత్రలోనే ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని ప్రయోగాత్మకంగా ఇవ్వబోతున్నారని స్త్రీశక్తి సంఘటన వాళ్ళకి తెలిసింది. అక్కడికి వచ్చిన ఆడవాళ్ళకి అది ప్రయోగమన్న సంగతే తెలియదు. తెలిశాక చాలామంది లేచి వెళ్ళిపోయారు. ఆ మర్నాటి సంవత్సరం సుప్రీంకోర్టులో కేసు వేశారు. ఆ కేసులో అడిగింది ముఖ్యంగా ఒకటే, మాకు చెప్పి చెయ్యండి అని. వాళ్ళకి లేచి వెళ్ళిపోయే కాళ్ళున్నాయి. దూదికి చెప్పి చెయ్యడం ఎట్లా? దానికి బదులు సంతకం చేసేది నేనే. అంటే నర్సింగ్ హోంలో మా బావ కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నేను కూర్చున్నాను.

కుందేలుకీ మన గర్భానికీ ఒక పాత లెక్క కూడా ఉంది. 1931లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, లాఫమ్ అనే ఇద్దరు గర్భపరీక్ష ఒకటి కనిపెట్టారు. స్త్రీ మూత్రాన్ని ఆడ కుందేలుకి సూదిమందుగా ఎక్కించి, రెండు రోజుల తర్వాత దాని పొట్ట కోసి అండాశయాలు చూసేవాళ్ళు. మార్పు కనిపిస్తే ఆ స్త్రీ గర్భవతి. ‘కుందేలు చచ్చిపోయింది’ అంటే నెల తప్పిందని అక్కడ వాడుకలోకి వచ్చింది. నిజానికి గర్భం ఉన్నా లేకున్నా కుందేలు చచ్చిపోయేది. చూడాలంటే కొయ్యాల్సిందే కదా. ఇప్పుడు మందుల షాపులో కొనుక్కునే పట్టీ వెనక ఇన్ని పొట్టలున్నాయని మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు.

సంతకం చేసే కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి, మా అక్క తరఫున ఎవరూ అడగని ప్రశ్నలన్నీ అడగాలనుకున్నాను. ముందు ఆ క్లినిక్‌లోనే మొదలుపెట్టాను. ఇప్పటిదాకా ఎన్ని కుందేళ్ళకి చేశారు? ఏ మత్తు ఇస్తారు? నొప్పికి ఏమిస్తారు, ఎన్ని రోజులు? కుర్రవాడు నొచ్చుకోలేదు గానీ, “కుక్కలకి చేసినట్టే మేడమ్. ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టకండి” అన్నాడు. అక్కడే ఆగిపోయాను. కుందేలుకి వాంతి కాదు, కాబట్టి ఆ జాగ్రత్త దానికి అక్కర్లేదు. పైగా గంటల తరబడి కడుపు ఖాళీగా ఉంటే దాని పేగులు కదలడం మానేస్తాయి, దాంతోనే చచ్చిపోవచ్చు. ఆపరేషన్ ముందు దాకా గడ్డి తినాలి, లేవగానే మళ్ళీ తినాలి.

పశువుల ఆసుపత్రిలో పెద్దాయన ఇంకా నయం. “అమ్మా, నేను గేదెలకి సిజేరియన్లు చేశాను. కుందేలు కడుపు ఒక్కసారి కూడా తెరవలేదు. నా దగ్గర చేయించకు” అన్నాడు. మనుషుల డాక్టర్లలో ఈ మాట అనగలిగినవాళ్ళు నాకింతవరకూ తారసపడలేదు.

మత్తు సంగతి నన్ను చాలా రోజులు నిలబెట్టేసింది. 2008లో అచ్చయిన బ్రిటన్ అధ్యయనం ఒకటి ఉంది. మత్తుకి సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24, కుందేళ్ళలో 1.39. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళని మాత్రమే తీసుకుంటే 0.73. అంటే చేయిస్తే ఈ వారమే పోయే చిన్న ప్రమాదం, చేయించకపోతే నాలుగో ఏడో అయిదో ఏడో రాగల పెద్ద ప్రమాదం. రెండూ దానివే. నాకు పోయేది బెంగ మాత్రమే. ఈ తూకం వేస్తున్నప్పుడు ‘మంచిది’ అన్న మాటని నా సౌకర్యం ఎక్కడెక్కడ కప్పుకుంటోందో చూసుకోవాల్సి వచ్చింది. ఆపరేషన్ అయితే గూళ్ళు కట్టదు, కోపంగా గుర్రుమనదు, సోఫా మీద పొయ్యదు. అవన్నీ నిజమే, నాకు హాయి. వాటిని లెక్కలోంచి తీసేశాక కూడా తక్కెడ చేయించడం వైపే మొగ్గింది.

ఎప్పుడన్నది ఎండలు తేల్చాయి. అప్పటికి ఏప్రిల్. హనుమకొండ ఎండకి దూది గచ్చు మీద బల్లపరుపుగా సాగిలపడి, చెవులు వేలేసి ఎగరొప్పుతోంది. ఆ వేడిలో ప్రయాణమూ మత్తూ కలిపి పెట్టలేను. అయిదారు నెలల వయసులో చేస్తే మంచిదంటారు, రెండేళ్ళ లోపు పరవాలేదంటారు. ఆలస్యమయ్యేకొద్దీ లోపల కొవ్వు పేరుకుని కొయ్యడం కష్టమవుతుంది. వానలు వెళ్ళి చలి మొదలయ్యే దాకా ఆగుదామనుకున్నాను. ఎక్కడన్నది ఫోన్లు తేల్చాయి. హైదరాబాద్‌లో కుందేళ్ళు చూసే ఒక లేడీ డాక్టర్ నా ప్రశ్నలన్నీ అయ్యేదాకా విని, నేను అడగనివి రెండు తనే చెప్పింది. దారిలో తినడానికి దానికి అలవాటైన గడ్డే తెమ్మంది. వచ్చిన రోజే చెయ్యను, ఒక రాత్రి ఇక్కడ కుదుటపడనివ్వండి అంది.

బయల్దేరే ముందు వారం అక్క వచ్చింది. నేను కాగితం మీద రాసుకున్న ప్రశ్నల జాబితా బల్ల మీద ఉంటే చదివింది. నాలుగో తరగతి చదువు, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది.

“గివన్నీ కుందేలుకు అడిగినవా చెల్లె?”

“అడిగినక్కా.”

“నొప్పికి వారం దినాల మందు ఇస్తరా?”

“ఇస్తరట.”

కాసేపు మాట్లాడలేదు. దూది వచ్చి ఆమె పాదం వాసన చూసింది. “నన్ను మూడో దినం బస్సెక్కిచ్చిన్రు” అంది. “తీసినంక చిన్న బకెట్ల బెట్టి చూపెట్టిన్రట. నాకు గాదు. మీ బావకు. నాదాంట్ల ఏమున్నదో నేనింతదాంక చూడలే.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నేను వెతికాను గానీ లేదు. ఉంటే నాకు తేలికయ్యేది.

నవంబరులో వెళ్ళాం. సంతకం పెట్టే కాగితంలో ‘యజమాని అంగీకారం’ అని ఉంది. యజమాని అన్న మాట దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది, ఆ పైన పెట్టాను. గంటంబావు పట్టింది. బయటికొచ్చాక డాక్టర్ చూస్తారా అని అడిగి ట్రే తెచ్చింది. మనలా ఒక సంచి కాదు, కుందేలుకి రెండు గొట్టాలు, రెండు ముఖద్వారాలు. సన్నగా, లేత గులాబీ రంగులో, ఏ మచ్చా లేకుండా ఉన్నాయి. చాలాసేపు చూశాను. డాక్టర్ తొందరపెట్టలేదు.

దూది ఆ సాయంత్రం మూలన ముడుచుకుని పళ్ళు నూరింది. కుందేళ్ళు నొప్పికి అట్లా నూరతాయి. మందు వేసి, తురిమిన గడ్డిపొడి నీళ్ళల్లో కలిపి సిరంజితో నోట్లో పోశారు. రాత్రి తొమ్మిదిన్నరకి అక్క ఫోన్ చేసింది. మామూలుగా ఎనిమిదింటికే పడుకుంటుంది.

“తిన్నదా?”

“ఇంకా లేదక్కా.”

“కొత్తిమీర పెట్టిచూడు. కాడ పెట్టు, ఆకు గాదు” అంది. ఫోన్ పెట్టెయ్యలేదు. నేను కాడ ఒకటి దాని మూతి దగ్గర పెట్టాను. ముక్కు కదిలింది. అటువైపు అక్క ఊపిరి వినిపిస్తోంది. మొదటి పంటి చప్పుడు ఆమెకే ముందు వినిపించింది.