అన్నం ఎక్కడ తింటాడు?

మా చిన్నమ్మ కొడుకు మీద బైకు దొంగతనం కేసు పడినప్పుడు వాడికి పదహారేళ్లు. పేరు రాయను. బాలల కేసుల్లో గుర్తుపట్టే వివరాలేవీ బయటపెట్టొద్దని చట్టమే అంటుంది. తమ్ముడు అంటాను, చాలు.

ఫోన్ వచ్చిన రాత్రే జేబీఎస్‌లో కరీంనగర్ బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ప్రశ్న: మంచి లాయర్ ఎవరు? ఇంట్లో ఇంజనీరింగ్ చదివినవాడిగా నా నుంచి వాళ్లు ఆశించింది కూడా అదే. లాయర్ దొరికాడు, బెయిలూ వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను. తర్వాతి వారం స్కూటీ మీద ఒకామె వస్తుందని కబురొచ్చింది. సోషల్ వర్కర్. ఇంటి పరిస్థితి చూసి బోర్డుకి రిపోర్ట్ రాస్తుందట.

నేను మళ్లీ ఊరికెళ్లి ఇంట్లో అందరినీ ప్రిపేర్ చేశాను. ఇంటర్వ్యూకి వెళ్లే జూనియర్లకి చెప్పినట్టే చెప్పాను. "చిన్నాయన షార్జా నుంచి నెలనెలా పైసలు పంపుతున్నడని చెప్పు చిన్నమ్మా. తమ్ముడు రోజూ బడికి పోతడని చెప్పు. చెడు సావాసాలు లేవని చెప్పు." పరువుగల కుటుంబం అనిపిస్తే వదిలేస్తారని నా లెక్క.

ఆమె వచ్చింది. ఫారం తీసి అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరెవరు, ఏం పని చేస్తారు, బడి మానేశాడా, మానేస్తే ఎందుకు, దోస్తులెవరు, ఇంట్లో కొడతారా. మేం చెప్పిందల్లా రాసుకుంది. ఫారం మూసి, చాయ్ తాగుతూ, మాటల్లో మాటగా అడిగింది:

"పోరడు పగటీలి బువ్వ ఏడ తింటడమ్మా?"

చిన్నమ్మ నా వైపు చూసింది. ఈ ప్రశ్నకి నేను జవాబు నేర్పలేదు.

"షెడ్డుకాడ తింటడు," అంది చిన్నమ్మ. ఏ షెడ్డు? మెకానిక్ షెడ్డు. బడి మానేసి ఏడు నెలలైందట. చిన్నాయన దగ్గర్నుంచి అంతకుముందు నుంచే పైసల్లేవు, ఫోనూ లేదు. వీసా కోసం ఏజెంటుకి కట్టిన అప్పుకి మిత్తి పెరుగుతోంది. చిన్నమ్మ బీడీలు చుడితే వచ్చేది మిత్తికే సరిపోదు. మరి షెడ్డులో అన్నం ఎవరు పెడతారు? "ఆ పెద్ద పిలగాండ్లే మేడం. గా బండి జగిత్యాలకి తోలుకపొమ్మన్నది గూడ వాళ్లే."

ఆమె ఫారం మళ్లీ తెరిచింది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వాడి తరఫున చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక్క నిజాన్ని పరువు కోసం దాచిపెట్టింది నేనే. నేను తయారుచేసిన కథ ప్రకారం వాడు అన్నీ ఉండి దొంగతనం చేసినవాడు. నిజం ప్రకారం అన్నం పెట్టినవాడి మాట కాదనలేకపోయినవాడు. చేసిన పని రెండింట్లోనూ ఒకటే. మనిషే వేరు.

నేను సెలవు రోజుల్లో కథల మీద సమీక్షలు రాస్తుంటాను. "ఈ పాత్రకి గతం లేదు, అందుకే నమ్మలేకపోయాం" అని ఎంతమంది రచయితల్ని విమర్శించానో. సొంత తమ్ముడి గతాన్ని మాత్రం నేనే చెరిపేయబోయాను.

ఆ తర్వాత ఈ రిపోర్టుల గురించి చదవడం మొదలుపెట్టాను. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బోర్డులో ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చుంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. పిల్లవాడిని మొదటిసారి హాజరుపరిచిన 15 రోజుల్లోపు సామాజిక విచారణ నివేదిక రావాలి. ప్రొబేషన్ ఆఫీసర్ లేకపోతే సోషల్ వర్కర్‌తోనైనా చేయించాలి. పెద్దవాళ్లకి 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. యావజ్జీవం పడే నేరం కాకపోతే, 21 ఏళ్లు నిండనివాళ్లని జైలుకి పంపాలా వద్దా అని తేల్చేముందు కోర్టు ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక తెప్పించుకోవాలి.

అలా చదువుతూ పోతే రెండు పాత తీర్పులు తగిలాయి. రెండూ మన రాష్ట్రం నుంచి వెళ్లినవే, రెండూ జస్టిస్ కృష్ణయ్యర్ రాసినవే. 1974లో ఈడిగ అనమ్మ కేసు. ఒక స్త్రీని, ఆమె బిడ్డని చంపిన నేరానికి ఉరిశిక్ష పడ్డ యువతి. అత్తింటి నుంచి వెళ్లగొట్టబడి, చిన్న కొడుకుతో పుట్టింట్లో ఉండేది. చేసింది ఘోరమే అంటూనే, ఈ జీవితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఉరిని యావజ్జీవంగా మార్చారు.

రెండోది ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లది. భూస్వామి హత్య కేసులో ఉరిశిక్ష పడింది. కన్నబిరాన్ లాంటి లాయర్లు వాళ్ల కోసం నిలబడ్డారు. కానీ కేసు కృష్ణయ్యర్ ముందుకొచ్చేసరికి మిగిలింది క్షమాభిక్ష ప్రశ్న ఒక్కటే. అది రాష్ట్రపతి అధికారమని, కోర్టు జోక్యం చేసుకోలేదని తీర్పు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న వాళ్లిద్దరినీ ఉరితీశారు. వాళ్లకి శిక్ష వేసినప్పుడు ఉన్న పాత కోడ్‌లో, శిక్ష ఎంతో తేల్చేముందు మనిషి గురించి విడిగా వినాలన్న నిబంధనే లేదు. అది 1974 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన కొత్త కోడ్‌తో వచ్చింది.

రాజకీయంగా ఆ కేసు మీద వాదనలు ఎన్నైనా ఉండొచ్చు. నాకు మాత్రం ఒకటి అర్థమైంది. మనిషి కథ కోర్టుకి ముందే చేరాలి. ఆలస్యంగా చేరితే అది వినే అధికారం ఎవరికీ మిగలదు. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే: ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో నిందితుడి కుటుంబం, చదువు, బతుకు వివరాలు ట్రయల్ దశలోనే సేకరించాలని. అమెరికాలో అయితే పబ్లిక్ డిఫెండర్ ఆఫీసుల్లో లాయర్ పక్కనే సోషల్ వర్కర్‌కి కుర్చీ ఉంటుంది. మన దగ్గర కొత్తగా వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతిలో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని లాయర్లకి మెట్లున్నాయి. బువ్వ ఏడ తింటడని అడిగే మనిషికి అందులో మెట్టు కనబడలేదు.

తమ్ముడిని బోర్డు కౌన్సెలింగ్ మీద, పర్యవేక్షణ మీద ఇంటికి పంపింది. నాకు అంతకంటే పెద్దదిగా అనిపించింది ఆ తర్వాత జరిగింది. ఆమె ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫారం తెచ్చింది. వాడికి ఇంజన్లు ఇష్టమని తెలుసుకుని, పాసైతే ఐటీఐలో చేరొచ్చని చెప్పింది. షెడ్డు మాన్పించి ఊరుకోలేదు, మధ్యాహ్నం వాడు ఇంట్లో తింటున్నాడా లేదా అని చిన్నమ్మకి ఫోన్ చేసేది. ఒకసారి నాకూ చేసింది. "సార్, మీరు లాయర్ ఫీజు కట్టిన్రు, మంచిది. నెలకు రెండు వేలు మీ చిన్నమ్మకి పంపగలరా? గది గూడ డిఫెన్సే."

పంపుతున్నాను. నా రివ్యూల్లో ఎవరూ నన్ను ఇంత సూటిగా విమర్శించలేదు.

ఇప్పుడు తమ్ముడు ఐటీఐలో ఫిట్టర్ రెండో ఏడాది. మొన్న పండక్కి ఊరెళ్తే పక్కన కూర్చుని అడిగాడు, "అన్నా, రేపు కంపెనోల్లు కేసు గురించి అడిగితే ఏం చెప్పాలె?" బాలుడిగా జరిగిన కేసు వల్ల ఉద్యోగానికి అనర్హత రాకూడదని చట్టంలో ఉందని చెప్పాను. ఇంకో మాట కూడా నోటిదాకా వచ్చింది, ఎలా మాట్లాడాలో నేర్పిద్దామని. ఆగిపోయాను.

"తిన్నవా?" అని అడిగాను.