గరగరలోంచి జవాబు

మొన్న శనివారం డల్లాస్ దగ్గర పార్కులో హామ్ రేడియో వాళ్ల ఫీల్డ్ డేకి మేం సైటువాళ్లం నలుగురం వెళ్లొచ్చాం. అమెరికాలో 1933 నుంచి జూన్‌లో జరిగేదే ఇది. కరెంటు లైను లేకుండా జనరేటరు, బ్యాటరీల మీద రేడియో నడిపారు. తుఫానుకి అన్నీ పడిపోతే ఎలా మాట్లాడాలో దానికి ప్రాక్టీసన్నమాట.

రెండు చెట్ల మధ్య 33 అడుగుల తీగ కట్టడానికి మేమూ చెయ్యేశాం. అది మనకి అలవాటైన పనే. మైకు దగ్గరే వెనక్కి తగ్గాం. సైటులో రోజంతా వాకీటాకీలో అరిచే మేము, మా ఇంగ్లీషుకి నవ్వుతారేమోనని! కొత్తవాళ్లకి వేరే టేబులుంది. లైసెన్సున్న పెద్దాయన పక్కన కూర్చుంటే, లేనివాళ్లూ మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో ఆయన కాగితమ్మీద రాసిచ్చారు. చదివాం. గరగరలోంచి కొలరాడో నుంచి ఒకావిడ జవాబిచ్చారు. ఎవరూ నవ్వలేదు.

మా నలుగురిదీ విశాఖ వైపే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇంటికి ఫోన్లు కలవలేదు. మూడు రోజులు మావాళ్లు ఎలా ఉన్నారో తెలీక అన్నం సయించలేదు. ఆ గరగర వింటుంటే అదే గుర్తొచ్చింది.

లైసెన్సు మొదటి పరీక్షకి 35 ప్రశ్నలు, 26 రైటయితే పాసు. పదో తరగతి చదువుకి అందుతుందో లేదో గానీ, పుస్తకం తెచ్చాం. డ్యూటీ అయ్యాక చదువుతున్నాం. కలిసొచ్చేవాళ్లుంటే చెప్పండి.