చేలో డ్రిల్ బిట్టుకి చేతి పిడి



డ్రిప్పు వేసుకునే వాళ్ళందరికీ ఒక చోట పని ఆగిపోతుంది. సబ్ మెయిన్ పీవీసీ పైపుకి బెజ్జాలు పెట్టాలి, ఒక్కో లేటరల్‌కి ఒక్కో బెజ్జం. డ్రిల్ మిషన్ ఎవరిదో ఒకరిది దొరుకుతుంది గానీ, చేలో ప్లగ్గు ఎక్కడ పెడతాం? అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారో మీకూ తెలుసు. స్టార్టర్ పెట్టెలోంచి ఒక ఫేజు లాగుతారు. రెండో వైరు ఎర్తు కడ్డీకి చుడతారు. తడి కాలవలో కూర్చుని మిషన్ పట్టుకుంటారు. ఎర్తు సరిగ్గా లేకపోతే ఆ కడ్డీకి, దాని చుట్టూ తడి నేలకి కరెంటు వచ్చేస్తుంది. నాలుగు బెజ్జాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

ఇంకో అలవాటు, చువ్వ ఎర్రగా కాల్చి పొడవటం. పీవీసీ కాలిన పొగ గొంతు పట్టేస్తుంది, అది విషం. పైగా బెజ్జం అంచు ఉబ్బి గట్టు కడుతుంది. దాంట్లో రబ్బరు గ్రోమెట్ సరిగ్గా కూర్చోదు, నీళ్ళు వదలగానే చిమ్ముతుంది. నీళ్ళు అక్కడే పోతే చివరి సాళ్ళకి ప్రెషర్ అందదు. ఎండాకాలంలో ముందు వాడేది ఆ మొక్కలే.

పీవీసీ మెత్తటి సరుకు. దానికి వేగం అక్కర్లేదు. పదునున్న బిట్టు, నిదానంగా తిప్పే చెయ్యి చాలు. కరెంటు రాకముందు మన వడ్రంగులు బరమాతో బెజ్జాలు పెట్టినవాళ్ళే కదా. మనకి కావలసింది బిట్టుని జారకుండా పట్టే పిడి. అది రెండు రకాలుగా చేసుకోవచ్చు.

మొదటిది వెల్డింగ్ లేకుండా. జానెడు పొడవు తుమ్మ చెక్కలు రెండు తీసుకోండి. మధ్యలో, రెండిటికీ అడ్డంగా గాడి తీయండి. గాడి లోతు బిట్టు కాడ మందంలో సగం కంటే కాస్త తక్కువ ఉండాలి. అప్పుడు చెక్కల మధ్య సన్నటి సందు మిగులుతుంది, బోల్టులు బిగించే కొద్దీ కాడ మీద పట్టు పడుతుంది. గాడికి అటొకటి ఇటొకటి బోల్టు వేయండి. గుండ్రటి కాడ ఇంకా జారుతుంటే ఆకురాయితో రెండు వైపులా చదును చేయండి. చాలా బిట్లకి కాడ మెత్తగానే ఉంటుంది, ఆకురాయి పడుతుంది.

రెండోది కాలిపోయిన డ్రిల్ మిషన్‌తో. మోటారు పోయినా చక్ బాగానే ఉంటుంది. చక్ వెనక ఉండేది సన్న మర, మామూలు బోల్టు ఎక్కదు. అందుకని మిషన్ విప్పి, చక్ బిగించి ఉన్న ఇరుసునే బయటికి తీయండి. దాని వెనక కొసకి జానెడు పైపు ముక్క అడ్డంగా వెల్డింగ్ పెట్టిస్తే పిడి తయారు. వెల్డింగ్‌కి ముందు చక్ ఊడదీయాలి. రివర్స్ తిరిగే మిషన్ అయితే దవడలు పూర్తిగా తెరిచి చూడండి, అడుగున ఒక స్క్రూ ఉంటుంది. అది ఎడమ మర, కుడివైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక చాలామంది తల అరగదీస్తారు.

ఇక వాడే పద్ధతి. పైపు మీద తాడు లాగి గీత గీయండి, లేకపోతే బెజ్జాలు వంకర పోతాయి. మేకుతో చిన్న గుంట పెట్టి ముందు 4 ఎంఎం బిట్టు, తర్వాత అసలు సైజు. నా గ్రోమెట్లకి 12 ఎంఎం సరిపోయింది, మీ కంపెనీ ఏది చెబితే అదే వాడండి. బిట్టు నిట్టనిలువుగా ఉండాలి. అవతలికి దిగేటప్పుడు నొక్కడం ఆపి ఉత్తినే తిప్పండి. అక్కడ బిట్టు ఒక్కసారిగా పట్టేసి పైపు చీలుతుంది.

బెజ్జం అంచు బ్లేడుతో శుభ్రం చేయండి. లేటరల్ తగిలించకముందే సబ్ మెయిన్ చివరి మూత తీసి నీళ్ళు వదలండి. ఆ పొట్టు లోపలే ఉండిపోతే డ్రిప్పర్లలో అడ్డం పడుతుంది.

నా నిమ్మతోటకి బెజ్జాలన్నీ ఇలాగే పెట్టాను. మిషన్ కంటే ఆలస్యమే, ఒప్పుకుంటాను. కానీ కరెంటు ఎప్పుడొస్తుందా అని చూడక్కర్లేదు, తడి నేల మీద ఇంట్లో పిల్లాడి చేతికిచ్చినా భయం లేదు. నాకు అది చాలు.